పిండాభివృద్ధిలో జన్యు వ్యక్తీకరణ నియంత్రణ

ఫలదీకరణ చెందిన ఒక్క కణం నుంచి దేహమంతా ఏర్పడే క్రమంలో ఏ జన్యువు ఏ కణంలో, ఏ సమయంలో, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్ణయించే ప్రక్రియలన్నిటినీ కలిపి పిండాభివృద్ధిలో జన్యు వ్యక్తీకరణ నియంత్రణ అంటారు. మనిషిలో ప్రోటీన్ల తయారీకి ఆధారమైన జన్యువులు సుమారు 20,000. కాలేయ కణంలో ఉన్నవీ, నాడీకణంలో ఉన్నవీ, వేలి కొన చర్మంలో ఉన్నవీ ఇవే జన్యువులు. కణాలకు తేడా వచ్చేది వాటిలో ఏవి పనిచేస్తున్నాయి, ఏవి ఊరకున్నాయి అన్నదానిలోనే. ఈ సూత్రానికి మినహాయింపులు కొద్ది. పరిణతి చెందిన ఎర్ర రక్తకణం కేంద్రకాన్నే వదులుకుంటుంది. లింఫోసైట్లు ప్రతిరక్షకాల జన్యువుల ముక్కలను కత్తిరించి కొత్తగా అతికించుకుంటాయి.

పిండంలోని ఒక కణం ఫలానా జన్యువును తెరవాలా, మూయాలా అన్నది రెండు విషయాలను బట్టి తేలుతుంది. ఒకటి, అది ఏ కణాల సంతతి, ఇంతకుముందు ఏ నిర్ణయాలకు లోబడింది అన్నది. రెండు, ఇప్పుడు అది పిండంలో ఎక్కడుంది, చుట్టుపక్కల కణాల నుంచి ఏ సంకేతాలు అందుకుంటోంది అన్నది. మొదటిది కణం గతం, రెండోది కణం స్థానం. బ్యాంకు లాకరు రెండు తాళంచెవులు కలిస్తేనే తెరుచుకున్నట్టు, పిండంలో ముఖ్యమైన జన్యువులు ఈ రెండూ కుదిరిన చోటే తెరుచుకుంటాయి.

భావన చరిత్ర

19వ శతాబ్దం చివరలో జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైస్మన్ దీనికి భిన్నమైన వివరణ ఇచ్చాడు. కణం విభజన చెందినప్పుడల్లా వంశపారంపర్య పదార్థం పంచుకుపోతుందనీ, చివరికి ప్రతి కణంలోనూ దాని పనికి కావలసిన భాగమే మిగులుతుందనీ ఆయన భావించాడు. 1891లో హాన్స్ డ్రీష్ రెండు కణాల దశలో ఉన్న సముద్రపు అర్చిన్ పిండాన్ని విడదీశాడు. ఒక్కో కణం నుంచి సగం డింభకం కాక, చిన్నదే అయినా సంపూర్ణమైన డింభకం వచ్చింది. వైస్మన్ వాదానికి అది మొదటి పెద్ద దెబ్బ.

ఫ్రైబర్గ్‌లో హాన్స్ స్పీమన్, ఆయన విద్యార్థిని హిల్డా మాంగోల్డ్ 1924లో ప్రకటించిన ప్రయోగాల్లో న్యూట్ పిండం నుంచి ఒక చిన్న కణజాలపు ముక్కను తీసి మరో పిండం పొట్టవైపు నాటారు. అక్కడ రెండో వెన్ను, రెండో నాడీనాళం ఏర్పడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం నాటిన ముక్క నుంచి కాక, ఆతిథ్యమిచ్చిన పిండం కణాల నుంచే వచ్చింది. ఆ ముక్కకు నిర్వాహకం అని పేరు పెట్టారు. మాంగోల్డ్ ఆ ఏడాదే ప్రమాదంలో మరణించింది. స్పీమన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చింది.

జన్యుశాస్త్రం, పిండశాస్త్రం చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి. వాటిని కలపడానికి కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో ఎపిజెనెటిక్స్ అనే మాటను ప్రవేశపెట్టాడు. జన్యువులకు తెరిచే, మూసే మీటలుంటాయని స్పష్టంగా నిరూపణ అయింది పిండంలో కాదు, బ్యాక్టీరియాలో. 1961లో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో లాక్ ఆపెరాన్‌ను వివరించి, ఒక జన్యువు తయారుచేసిన ప్రోటీన్ ఇతర జన్యువులను అదుపు చేయగలదని చూపారు. ఆ మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం నాశనం చేసిన జెనోపస్ కప్ప గుడ్డులో ప్రవేశపెట్టాడు. అలాంటి గుడ్లలో కొన్ని ఈదే తోకకప్పలయ్యాయి. పేగు కణం కావడానికి ఆ కణం ఏ జన్యువునూ పారేసుకోలేదనీ, కొన్నిటిని మూసి ఉంచిందనీ దీనితో రుజువైంది. 1996లో పుట్టిన డాలీ గొర్రె ఇదే విషయాన్ని క్షీరదాల్లో చూపింది. షిన్యా యమనాకా 2006లో నాలుగు అనులేఖన కారకాలతో ఎలుక చర్మకణాలను మూలకణాలుగా మార్చాడు. గర్డన్, యమనాకా 2012 నోబెల్ పంచుకున్నారు.

నియంత్రణ యంత్రాంగం

జన్యువులోని సమాచారం మొదట ఆర్‌ఎన్‌ఏగా అనులేఖనమవుతుంది, ఆపై ప్రోటీన్‌గా అనువాదమవుతుంది. ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గరా నియంత్రణకు వీలుంది. అయితే పిండాభివృద్ధిలో అన్నిటికన్నా బరువు అనులేఖనం మీదే పడుతుంది.

అనులేఖనం మొదలయ్యే చోటుకు ప్రమోటర్ అని పేరు. దాన్ని ఎప్పుడు, ఎక్కడ చురుకు చేయాలో చెప్పే డీఎన్‌ఏ ఖండాలు ఎన్‌హాన్సర్లు. ఇవి జన్యువు పక్కనే ఉండవచ్చు, లక్షల బేస్ జతల దూరంలోనూ ఉండవచ్చు, మరో జన్యువు కడుపులో దాగి ఉండవచ్చు. ఒక్కో ఎన్‌హాన్సర్ కొన్ని వందల బేస్ జతల పొడవుంటుంది. దాని మీద అనేక అనులేఖన కారకాలు, అంటే డీఎన్‌ఏలోని నిర్దిష్ట వరసలను గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్లు, కూర్చోవడానికి చోట్లుంటాయి. మనిషిలో ఇలాంటి కారకాలు సుమారు 1,600. వీటిలో కొన్ని ప్రేరేపిస్తాయి, కొన్ని అణచివేస్తాయి. జన్యువు తెరుచుకోవడం ఏ ఒక్క కారకం చేతిలోనూ ఉండదు, వాటి కలయిక మీద ఆధారపడుతుంది. అందుకే పరిమిత సంఖ్యలో ఉన్న కారకాలతో లెక్కలేనన్ని కణరకాలు సాధ్యమయ్యాయి.

కేంద్రకంలో డీఎన్‌ఏ నగ్నంగా ఉండదు. 147 బేస్ జతల పొడవున, ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్ల ముద్ద చుట్టూ చుట్టుకుని న్యూక్లియోసోమ్ అవుతుంది. ఇవి దగ్గరగా పేర్చుకుంటే జన్యువు అందకుండా పోతుంది, విడివడితే అందుతుంది. హిస్టోన్ల తోకలకు అతుక్కునే ఎసిటైల్, మిథైల్ సమూహాలు ఈ పేర్పును మారుస్తాయి. డీఎన్‌ఏలోని సైటోసిన్‌కు మిథైల్ సమూహం చేరితే సాధారణంగా ఆ ప్రాంతం మూతపడి ఉంటుంది. కణ విభజన తరువాత కూడా ఈ గుర్తులు చాలావరకు కొనసాగుతాయి. కణం తన గతాన్ని గుర్తుంచుకునే ప్రధాన మార్గం ఇదే (చూ. క్షీరద పిండంలో ప్రత్యేకతలు).

క్రోమోజోమ్ మడతలు కూడా నియంత్రణలో భాగమే. కొహీసిన్ అనే ప్రోటీన్ వలయం డీఎన్‌ఏను ఉచ్చులుగా లాగుతుంది. సీటీసీఎఫ్ అనే మరో ప్రోటీన్ ఆ ఉచ్చులకు హద్దులు గీస్తుంది. ఒకే హద్దులో ఉన్న ఎన్‌హాన్సర్, ప్రమోటర్ కలుసుకోవడం సులువు, హద్దు దాటి కలవడం కష్టం. 2012లో గుర్తించిన ఈ పరిధులను టాడ్‌లు అంటారు.

అనులేఖనం తరువాతి నియంత్రణలో సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు ముఖ్యం. 1993లో సీ. ఎలిగాన్స్ అనే సన్నటి పురుగులో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందాలు లిన్-4 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ పనితీరును వెల్లడించాయి. అది లిన్-14 జన్యువు నుంచి వచ్చిన వార్తాహర ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారీని అడ్డుకుంటుంది, తద్వారా పురుగు ఒక డింభక దశ నుంచి మరో దశకు వెళ్లే వేళను నిర్ణయిస్తుంది. ఈ ఆవిష్కరణకు 2024 నోబెల్ బహుమతి లభించింది.

తల్లి అధీనం నుంచి పిండం అధీనానికి

పిండం తొలి గంటల్లో తన జన్యువులతో బతకదు. తల్లి అండంలో నిల్వచేసిన వార్తాహర ఆర్‌ఎన్‌ఏలు, ప్రోటీన్లే పని నడిపిస్తాయి. ఆ తరువాత రెండు మార్పులు వస్తాయి. తల్లి ఇచ్చిన ఆర్‌ఎన్‌ఏలు క్రమంగా నాశనమవుతాయి, పిండం సొంత జన్యువులు మేల్కొంటాయి. ఈ మేల్కొలుపు ఎలుకలో రెండు కణాల దశలో, మనిషిలో నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, జెనోపస్ కప్పలో పన్నెండు విభజనలు జరిగి సుమారు 4,000 కణాలు ఏర్పడ్డాక ప్రధానంగా సాగుతుంది.

డీఎన్‌ఏ, హిస్టోన్లు కలిసిన క్రోమాటిన్ మూసి ఉన్నా దానిలోకి కూడా చొచ్చుకుపోగల కొన్ని కారకాలు ఈ మేల్కొలుపుకు ముందుంటాయి. వీటిని మార్గదర్శక కారకాలంటారు. డ్రోసోఫిలాలో జెల్డా అలాంటిది. పాత ఆర్‌ఎన్‌ఏలను ఊడ్చే పని కూడా ఇంతే ముఖ్యం. జీబ్రా చేపలో మిఆర్-430 అనే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏ తల్లి ఇచ్చిన వందల సంఖ్యలోని ఆర్‌ఎన్‌ఏలను తొలగిస్తుంది.

డ్రోసోఫిలా పిండం

పిండంలో జన్యు నియంత్రణను మొదటి మెట్టు నుంచి చివరిదాకా అనుసరించడానికి వీలిచ్చిన తొలి జంతువు డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగ. హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ వేల ఉత్పరివర్తనాలను జల్లెడపట్టి, డింభకం ఖండితాల సంఖ్యనూ నమూనానూ శాసించే 15 జన్యువులను 1980లో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు ఎడ్వర్డ్ లూయిస్ ఖండితాల గుర్తింపును నిర్ణయించే బైథొరాక్స్ జన్యువులను వివరించాడు. ఈ ముగ్గురికీ 1995లో నోబెల్ ఇచ్చారు.

ఈగ గుడ్డు పొడవు సుమారు అర మిల్లీమీటరు. ఫలదీకరణ తరువాత కేంద్రకాలు 13 సార్లు విభజన చెందుతాయి కానీ, వాటి మధ్య గోడలు లేవు. ఒకే కణద్రవ్యంలో సుమారు 6,000 కేంద్రకాలు ఉంటాయి. కణాల గోడలు లేవు గనుక ప్రోటీన్లు ఒక కేంద్రకం పరిసరాల నుంచి మరోదానికి నేరుగా వ్యాపించగలవు. తక్కిన జంతువుల్లో సంకేతాలు, గ్రాహకాలు చేసే పనిని ఇక్కడ అనులేఖన కారకాలే చేస్తాయి. పరిశోధన సులువు కావడానికి ఇదొక పెద్ద కారణం.

తల్లి ఈగ గుడ్డు తల కొసలో బైకాయిడ్ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏను లంగరు వేస్తుంది. దాని నుంచి తయారైన ప్రోటీన్ తల వైపు దట్టంగా, తోక వైపు పలచగా వ్యాపిస్తుంది. తల్లికి బైకాయిడ్ లోపిస్తే పిండానికి తల, ఛాతీ ఏర్పడవు, ముందు కొసలోనూ తోక భాగాలే వస్తాయి. తల్లి బైకాయిడ్ మోతాదు పెంచితే తల ప్రాంతపు హద్దు వెనక్కి జరుగుతుంది. 1988లో వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్, న్యూస్లైన్-ఫోల్‌హార్డ్ ఈ ఫలితాలను ప్రకటించారు. గాఢత తేడాతోనే కణాలకు స్థానం చెప్పే పదార్థం ఉంటుందని 1969లో లూయిస్ వోల్పర్ట్ ప్రతిపాదించాడు. అలాంటి పదార్థాన్ని మార్ఫోజెన్ అంటారు. అణుస్థాయిలో దొరికిన మొదటి మార్ఫోజెన్ బైకాయిడ్. తోక కొసలో ఇలాంటి పాత్ర నానోస్‌ది. అది అనులేఖనం జోలికి పోదు. హంచ్‌బ్యాక్ ఆర్‌ఎన్‌ఏ అనువాదాన్ని ఆపుతుంది.

బైకాయిడ్ గాఢతలోని వాలును మొదట చదివేవి హంచ్‌బ్యాక్, క్రూపెల్, నిర్ప్స్, జెయింట్ వంటి జన్యువులు. ఇవి పిండాన్ని కొన్ని వెడల్పాటి పట్టీలుగా పంచుకుంటాయి. ఒకటి ఉన్నచోట మరొకటి రాకుండా పరస్పరం అణచుకోవడం వల్ల పట్టీల అంచులు పదునెక్కుతాయి. తరువాతి మెట్టులో ఈవెన్-స్కిప్డ్, ఫుషి తరాజు వంటి జన్యువులు ఏడేసి సన్నటి చారలుగా వెలుగుతాయి.

ఈవెన్-స్కిప్డ్ చారలు అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. ఏదో అల లాంటి ఒకే ప్రక్రియ వాటన్నిటినీ పుట్టిస్తుందని ఊహించడం సహజం. 1952లో అలన్ ట్యూరింగ్ అలాంటి గణిత నమూనానే సూచించాడు. ఈ జన్యువు విషయంలో వాస్తవం వేరుగా తేలింది. ఏడు చారలకు ఐదు వేర్వేరు ఎన్‌హాన్సర్లున్నాయి. కొన్ని ఒక్కో చారకు, కొన్ని రెండేసి చారలకు బాధ్యత వహిస్తాయి. వీటిలో బాగా తెలిసినది రెండో చార ఎన్‌హాన్సర్, పొడవు దాదాపు 500 బేస్ జతలు. దాని మీద బైకాయిడ్, హంచ్‌బ్యాక్ ప్రేరకాలుగా, జెయింట్, క్రూపెల్ అణచివేతకారులుగా కూర్చుంటాయి. పిండం ముందు సగమంతటా ప్రేరకాలున్నాయి. తల వైపు జెయింట్, తోక వైపు క్రూపెల్ కాచుకుని ఉన్నాయి. ఆ రెంటి మధ్య మిగిలిన సన్నటి సందులోనే జన్యువు తెరుచుకుంటుంది. మైకేల్ లెవీన్ బృందం 1991 ప్రాంతంలో ఈ చోట్లను ఒక్కొక్కటిగా చెరిపి చూసింది. జెయింట్ కూర్చునే చోట్లు చెరిపితే చార తల వైపు వెడల్పయింది, ప్రేరకాల చోట్లు చెరిపితే చార వెలిసిపోయింది. పిండంలోని స్థానాన్ని డీఎన్‌ఏ ఎలా చదువుతుందో ఇంత నిక్కచ్చిగా చూపిన ప్రయోగాలు కొద్ది.

చారల తరువాత ఎన్‌గ్రెయిల్డ్, వింగ్‌లెస్, హెడ్జ్‌హాగ్ జన్యువులు ఒక్కో ఖండితానికి ముందు వెనుకలు నిర్ణయిస్తాయి. అప్పటికి కణాల గోడలు ఏర్పడి ఉంటాయి కనుక, ఈ దశ నుంచి కణాలు ఒకదానితో ఒకటి సంకేతాల ద్వారానే మాట్లాడుకుంటాయి. ఫలదీకరణ నుంచి ఇదంతా కొన్ని గంటల్లో ముగుస్తుంది. ఒక రోజులోపే డింభకం గుడ్డు చీల్చుకుని వస్తుంది.

హాక్స్ జన్యువులు

ఖండితాలు ఏర్పడ్డాక ఏది ఛాతీ, ఏది ఉదరం అన్న గుర్తింపు ఇచ్చేవి హాక్స్ జన్యువులు. డ్రోసోఫిలాలో ఎనిమిది ఉన్నాయి. మనిషిలో నాలుగు సముదాయాలుగా 39 ఉన్నాయి. క్రోమోజోమ్ మీద ఇవి ఏ వరసలో ఉంటాయో, తల నుంచి తోక వైపు దేహంలోనూ అదే వరసలో పనిచేస్తాయి. అల్ట్రాబైథొరాక్స్ జన్యువు చెడితే, సమతుల్యానికి వాడే చిన్న గుబ్బలు రావలసిన ఖండితంలో రెండో జత రెక్కలు వస్తాయి. యాంటెన్నపీడియా తలలో తెరుచుకుంటే స్పర్శశృంగాల చోట కాళ్లు మొలుస్తాయి.

1983-84లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లోనూ, అమెరికాలోని ఇండియానాలోనూ ఈ జన్యువులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న 180 బేస్ జతల భాగం దొరికింది. దాని పేరు హోమియోబాక్స్. అదే భాగం కప్పలో, ఎలుకలో, మనిషిలో కనబడటంతో, 50 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఎడం ఉన్న జంతువులు ఒకే నియంత్రణ సామగ్రితో దేహాలు కడుతున్నాయని తేలింది.

హాక్స్ జన్యువులను తెరిచిన తొలి కారకాలు కొన్ని గంటల్లోనే అదృశ్యమవుతాయి. కానీ జన్యువుల స్థితి జీవితాంతం నిలవాలి. మూసినవాటిని మూసి ఉంచడం పాలీకోంబ్ ప్రోటీన్ల పని, తెరిచినవాటిని తెరిచి ఉంచడం ట్రైథొరాక్స్ ప్రోటీన్ల పని. పాలీకోంబ్ సముదాయం హెచ్-3 హిస్టోన్‌లోని 27వ లైసిన్‌కు మూడు మిథైల్ సమూహాలు చేర్చి గుర్తు పెడుతుంది. స్థానం ద్వారా వచ్చిన నిర్ణయం గతంగా మారి స్థిరపడే చోటు ఇదే. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రంలో (సీసీఎంబీ) రాకేశ్ మిశ్రా బృందం బైథొరాక్స్ సముదాయంలోని సరిహద్దు మూలకాల మీద, పాలీకోంబ్ జ్ఞాపకం మీద దీర్ఘకాలం పరిశోధన సాగించింది.

కణాల మధ్య సంకేతాలు

సకశేరుకాల పిండంలో స్థానాన్ని తెలిపే సంకేత మార్గాలు ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. వింట్, హెడ్జ్‌హాగ్, బీఎంపీలను కలుపుకున్న టీజీఎఫ్-బీటా కుటుంబం, ఎఫ్‌జీఎఫ్, నాచ్, రెటినోయిక్ ఆమ్లం, వీటితోనే చాలావరకు పని నడుస్తుంది. ఒకే సంకేతం ఒక కణాన్ని ఎముక చేస్తుంది, మరో కణాన్ని చంపుతుంది. తేడా సంకేతంలో లేదు, అందుకునే కణం గతంలో, అంటే దానిలో అప్పటికే తెరిచి ఉన్న ఎన్‌హాన్సర్లలో ఉంది.

స్పీమన్ నిర్వాహకం రహస్యం 1990లలో విడింది. అది విడుదల చేసే నాగిన్, కార్డిన్ ప్రోటీన్లు ప్రత్యక్షంగా ఏ ఆజ్ఞా ఇవ్వవు. బీఎంపీలను పట్టుకుని నిర్వీర్యం చేస్తాయి. బీఎంపీ సంకేతం అందిన బహిస్త్వచ కణాలు చర్మం వైపు పోతాయి, అందనివి నాడీ కణజాలమవుతాయి.

సమయాన్ని కొలిచే నియంత్రణకు వెన్నుపూసల మూలాలైన సోమైట్లు మంచి ఉదాహరణ. అవి తల నుంచి తోక వైపు జతలు జతలుగా లయబద్ధంగా విడివడతాయి. జీబ్రా చేపలో 30 నిమిషాలకు, కోడిలో 90 నిమిషాలకు, ఎలుకలో 2 గంటలకు, మనిషిలో సుమారు 5 గంటలకు ఒక జత. 1997లో ఓలివియే పూర్కియే బృందం కోడి పిండంలో ఒక జన్యువు అదే లయలో వెలిగి ఆరుతున్నదని చూపింది. ఎలుకలో, మనిషిలో ఈ గడియారానికి కేంద్రం హెస్-7. దాని ప్రోటీన్ తన జన్యువునే మూసేస్తుంది. ప్రోటీన్ నశించాక జన్యువు మళ్లీ తెరుచుకుంటుంది. తయారీకీ, నాశనానికీ పట్టే కాలమే లయకు మూలం.

క్షీరద పిండంలో ప్రత్యేకతలు

క్షీరద పిండం తొలి నిర్ణయం జరాయువు వైపా, దేహం వైపా అన్నది. 8 నుంచి 16 కణాల దశలో బయటి అంచున పడిన కణాల్లో యాప్ ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, టెడ్-4తో కలిసి సీడీఎక్స్-2 జన్యువును తెరుస్తుంది. ఆ కణాలు జరాయువు వైపు సాగుతాయి. లోపలి కణాల్లో యాప్ కేంద్రకం బయటే ఆగిపోతుంది గనుక అక్కడ ఆక్ట్-4, నానాగ్ కారకాలు నిలుస్తాయి. వాటి నుంచే శిశువు దేహం వస్తుంది.

ఫలదీకరణ తరువాత అండం, శుక్రకణం తెచ్చిన డీఎన్‌ఏ మిథైల్ గుర్తులు విస్తృతంగా చెరిగిపోతాయి. తండ్రి వైపు డీఎన్‌ఏలో ఈ చెరుపు వేగంగా, తల్లి వైపు నెమ్మదిగా జరుగుతుంది. గర్భాశయంలో పిండం నాటుకునే సమయానికి గుర్తులు కొత్తగా పడటం మొదలవుతుంది. పాత కణాల గతాన్ని తుడిచి కొత్త జీవికి చోటివ్వడం ఈ చెరుపు ఫలితం. కొన్ని జన్యువులు మాత్రం దీని నుంచి తప్పించుకుని, తల్లి నుంచి వచ్చాయో తండ్రి నుంచి వచ్చాయో తెలిపే ముద్రను కాపాడుకుంటాయి. ఐజీఎఫ్-2 తండ్రి ప్రతి నుంచే పనిచేస్తుంది. రెండు కేంద్రకాలూ తల్లి నుంచే వచ్చినా, రెండూ తండ్రి నుంచే వచ్చినా ఎలుక పిండం పూర్తిగా పెరగదని 1984లో అజీమ్ సురానీ బృందం, జేమ్స్ మెక్‌గ్రాత్, డావర్ సోల్టర్ వేర్వేరుగా చూపారు.

ఆడ క్షీరదాలకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. పిండ దశలో ప్రతి కణమూ వాటిలో ఒకదాన్ని మూసేస్తుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించింది. మూసే పనికి జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ ఆధారం. అది ప్రోటీన్‌గా మారదు, తాను పుట్టిన క్రోమోజోమునే కప్పుకుని నిశ్శబ్దం చేస్తుంది. ఏ కణంలో ఏ ఎక్స్ మూతపడిందో దాని సంతతిలోనూ అదే మూతపడి ఉంటుంది. నలుపు, నారింజ మచ్చలు కలగలిసిన పిల్లులు దాదాపు ఎప్పుడూ ఆడవే కావడానికి కారణమిదే.

దూర నియంత్రకాలు: చేతి వేళ్ల ఉదాహరణ

చేయి ఏర్పడే మొగ్గలో చిటికెనవేలు రావలసిన వైపున సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు పనిచేస్తుంది. అక్కడి నుంచి వ్యాపించే ప్రోటీన్ వేళ్ల సంఖ్యనూ, స్వరూపాన్నీ నిర్ణయిస్తుంది. ఈ జన్యువును చేతిమొగ్గలో తెరిచే ఎన్‌హాన్సర్ పేరు జడ్‌ఆర్‌ఎస్. పొడవు సుమారు 800 బేస్ జతలు. జన్యువు నుంచి దాని దూరం దాదాపు 10 లక్షల బేస్ జతలు. అది ఎల్‌ఎంబీఆర్-1 అనే సంబంధం లేని జన్యువు ఇంట్రాన్‌లో, అంటే ప్రోటీన్ సంకేతం లేని మధ్య భాగంలో ఇమిడి ఉంది.

2003లో ఎడిన్‌బరోలో లారా లెటిస్, రాబర్ట్ హిల్ బృందం, బొటనవేలి వైపు అదనపు వేలుతో పుట్టే కుటుంబాల్లో జడ్‌ఆర్‌ఎస్‌లో ఒక్కొక్క అక్షరపు మార్పులు గుర్తించింది. ఆ మార్పుల వల్ల సోనిక్ హెడ్జ్‌హాగ్ రాకూడని బొటనవేలి వైపున కూడా తెరుచుకుంటుంది. ప్రోటీన్‌లో ఏ లోపమూ లేదు, తెరుచుకునే చోటు మాత్రమే మారింది. ఎలుకలో జడ్‌ఆర్‌ఎస్‌ను తొలగిస్తే తక్కిన దేహం మామూలుగానే ఉండి, కాళ్ల చివరి భాగాలు మాత్రం ఏర్పడవు. ప్రోటీన్‌ను పాడుచేస్తే మెదడు, వెన్ను సహా ఎన్నో అంగాలు దెబ్బతింటాయి. ఎన్‌హాన్సర్ పాడైతే నష్టం ఒక్క అంగానికే పరిమితమవుతుంది.

ఈ తేడాయే పరిణామంలోనూ కీలకం. 2016లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు ఎలుక జడ్‌ఆర్‌ఎస్ స్థానంలో పాము జడ్‌ఆర్‌ఎస్‌ను పెట్టారు. ఎలుకకు కాళ్లు మొండిగా మిగిలాయి. పాములు పోగొట్టుకున్న 17 బేస్ జతల భాగాన్ని తిరిగి చేరిస్తే కాళ్లు వచ్చాయి. సముద్రపు స్టికిల్‌బ్యాక్ చేపలకు కటి ముళ్లుంటాయి. మంచుయుగం ముగిశాక మంచినీటి సరస్సుల్లో చిక్కుకున్న అనేక జనాభాల్లో అవి వేర్వేరుగా మాయమయ్యాయి. చాలాచోట్ల పోయింది పిట్‌ఎక్స్-1 జన్యువు కాదు, కటి భాగంలో దాన్ని తెరిచే ఎన్‌హాన్సర్.

హీమోగ్లోబిన్ మార్పిడి

అభివృద్ధి దశను బట్టి జన్యువులు మారే తీరు మనిషిలో హీమోగ్లోబిన్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 11వ క్రోమోజోము మీద ఎప్సిలాన్, రెండు గామా, డెల్టా, బీటా గ్లోబిన్ జన్యువులు వరసగా ఉన్నాయి. తొలి వారాల్లో పచ్చసొన సంచిలో ఎప్సిలాన్, ఆపై కాలేయంలో గామా, పుట్టుక సమయం నుంచి ఎముక మజ్జలో బీటా పనిచేస్తాయి. గామాతో తయారయ్యే గర్భస్థ హీమోగ్లోబిన్ ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది గనుక తల్లి రక్తం నుంచి దాన్ని లాక్కోగలదు. పుట్టాక ఆరు నెలల్లో అది చాలావరకు కనుమరుగవుతుంది.

ఈ జన్యువులన్నిటికీ పైన ఒకే ఉమ్మడి నియంత్రక ప్రాంతం ఉంది. గామాను పుట్టాక మూసి ఉంచే ప్రధాన కారకం బీసీఎల్-11ఏ అని 2008లో తేలింది. సికిల్ సెల్, బీటా తలసీమియా అనే రక్తవ్యాధులున్నవారిలో చెడినది బీటా జన్యువు, గామా చెక్కుచెదరకుండా ఉంది. బీసీఎల్-11ఏ జన్యువుకు ఎర్ర రక్తకణాల్లో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్ ఉంది. రోగి మూలకణాలను తీసి, ఆ ఎన్‌హాన్సర్‌ను క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో కత్తిరించి తిరిగి ఎక్కిస్తే గర్భస్థ హీమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. కాస్జెవీ పేరుతో ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చాయి. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది కనుక ఈ పరిశోధన ఇక్కడివారికి దూరపు విషయం కాదు. అయితే ఈ చికిత్స ఖర్చు, దానికి కావలసిన ఆసుపత్రి సౌకర్యాలు ప్రస్తుతానికి సామాన్యులకు అందేవి కావు.

వైద్య ప్రాముఖ్యం

పుట్టుకతో వచ్చే అనేక లోపాలకు మూలం నియంత్రణలో ఉంది. పాక్స్-6 ఒక ప్రతి చెడితే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర ఏర్పడదు. హాక్స్-డీ-13లో మార్పు వల్ల వేళ్లు అతుక్కుని పుడతాయి. కొహీసిన్‌ను డీఎన్‌ఏ మీద ఎక్కించే ఎన్‌ఐపీబీఎల్ జన్యువు లోపంతో కార్నీలియా డి లాంజ్ సిండ్రోమ్ వస్తుంది. 15వ క్రోమోజోములోని ఒకే ప్రాంతం తండ్రి నుంచి లోపిస్తే ప్రాడర్-విల్లీ, తల్లి నుంచి లోపిస్తే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ కలుగుతాయి.

బయటి పదార్థాలు కూడా ఈ నియంత్రణను తప్పిస్తాయి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 10,000 మందికి పైగా శిశువులు కాళ్లూచేతులూ కుదించుకుపోయి పుట్టారు. ఆ మందు సెరెబ్లాన్ ప్రోటీన్‌కు అంటుకుని, చేతులు ఏర్పడటానికి అవసరమైన సాల్-4 అనే అనులేఖన కారకాన్ని నాశనం చేయిస్తుందని 2010, 2018 పరిశోధనలతో తెలిసింది. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ రెటినోయిక్ ఆమ్లానికి దగ్గరి రూపమే. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ హిస్టోన్ల మీది ఎసిటైల్ గుర్తులను తొలగనివ్వదు. గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలకు ఈ మందులను వైద్యులు చాలా జాగ్రత్తతో నిర్ణయిస్తారు.

నాడీనాళం గర్భధారణ నుంచి సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి గర్భం సంగతి కూడా తెలియదు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే నాడీనాళ లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రయోగం నిరూపించింది. డీఎన్‌ఏ తయారీకీ, మిథైల్ సమూహాల సరఫరాకూ ఫోలేట్ అవసరం. 1945లో ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించాడు.

అధ్యయన పద్ధతులు

ఒక జన్యువు పిండంలో ఎక్కడ పనిచేస్తున్నదో చూడటానికి ఆర్‌ఎన్‌ఏకు జతకుదిరే రంగు పూసిన పోగులను వాడతారు. ఎన్‌హాన్సర్‌ను పరీక్షించాలంటే దాన్ని నీలిరంగు లేదా ఆకుపచ్చ కాంతినిచ్చే జన్యువుకు తగిలించి పిండంలో ప్రవేశపెడతారు. ఈవెన్-స్కిప్డ్ చారల గుట్టు ఇలాగే బయటపడింది. ఎంపికచేసిన జన్యువును ఎలుకలో తొలగించే పద్ధతి 1989 నాటికి సిద్ధమై, 2007లో నోబెల్ అందుకుంది. క్రిస్పర్ 2012 తరువాత ఆ పనిని దాదాపు ప్రతి జంతువులోనూ సాధ్యం చేసింది.

2009లో మొదలైన ఏకకణ ఆర్‌ఎన్‌ఏ విశ్లేషణతో ఒక్కో కణంలో వేల జన్యువుల స్థితిని ఒకేసారి చదవగలుగుతున్నారు. 2018లో జీబ్రా చేప, జెనోపస్ పిండాల కణాలను గంట గంటకూ ఇలా చదివి, ఏ కణం ఏ శాఖ నుంచి విడివడిందో వంశవృక్షాలు గీశారు. వీటిలో కణాలను పిండం నుంచి విడదీయవలసి వస్తుంది కనుక స్థానం సమాచారం పోతుంది. కణజాలపు కోతల మీదే ఆర్‌ఎన్‌ఏను చదివే కొత్త పద్ధతులు ఆ లోటును తీరుస్తున్నాయి.

మనిషి పిండం మీద ప్రత్యక్ష పరిశోధనకు నైతిక పరిమితులున్నాయి. బ్రిటన్‌లో 1984 నాటి వార్నాక్ నివేదిక సూచించిన 14 రోజుల గడువును చాలా దేశాలు పాటిస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కూడా 14 రోజులు దాటి, లేదా ఆదిమ రేఖ ఏర్పడిన తరువాత మానవ పిండాన్ని ప్రయోగశాలలో పెంచడాన్ని నిషేధిస్తాయి. దేహపు మూడు పొరలు ఏర్పడే ఘట్టం సరిగ్గా ఆ గడువు తరువాతే మొదలవుతుంది. అందువల్ల మనిషిలో ఆ దశను మూలకణాల నుంచి పెంచిన పిండ నమూనాల ద్వారా, కోతి పిండాల ద్వారా పరోక్షంగా అధ్యయనం చేస్తున్నారు.